1962 అక్టోబరులో మాస్కో చైనా వైపు మొగ్గడానికి క్యూబాయే కారణమా?

ఈమధ్య అటక మీది ట్రంకుపెట్టెలో మా తాతయ్య 1962 నాటి డైరీ దొరికింది. అంచులు చెదలు తినేసినా అక్టోబరు పేజీలు బాగానే ఉన్నాయి. 23వ తేదీ కింద నీలం సిరాతో "అక్కడ క్యూబా, ఇక్కడ సరిహద్దు. రేడియో దగ్గర నుంచి లేవబుద్ధి కావడం లేదు" అని రాసుకున్నారు. అది చదివినప్పటి నుంచి నాకు ఆ రోజుల మీదే ధ్యాస.

చైనా మన మీద దాడికి దిగింది అక్టోబరు 20న. క్యూబాలో సోవియట్ క్షిపణులున్నాయని అమెరికా అధ్యక్షుడు కెనడీ ప్రకటించింది 22న. మనకు మిగ్-21 యుద్ధవిమానాలు ఇస్తామని అప్పటికే ఒప్పుకున్న మాస్కో, 25వ తేదీ తన కమ్యూనిస్టు పార్టీ పత్రిక 'ప్రావ్దా' సంపాదకీయంలో సరిహద్దు వివాదంపై చైనా వాదన వైపు మొగ్గింది. క్షిపణులు వెనక్కి తీసుకుంటామని సోవియట్ నేత క్రుశ్చేవ్ 28న ప్రకటించాక, నవంబరు మొదట్లోనే ఆ స్వరం మళ్లీ మారింది. అమెరికాతో అణుయుద్ధం ముంగిట నిలబడి చైనాను కూడా దూరం చేసుకోలేక అలా మాట్లాడిందని నాకు అనిపిస్తోంది. ఈ అంచనా సరైనదేనా?

క్యూబా సంగతి ముందే తెలిసి చైనా ఆ సమయాన్ని ఎంచుకుందా? లేక రెండూ కాకతాళీయంగా కలిసివచ్చాయా? నన్ను ఎక్కువగా వేధిస్తున్న ప్రశ్న ఇదే.

ఇంకొక విన్నపం. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలకముందు ఈ విషయం మీద మన ఊళ్లలో జరిగిన వాదనలు మీ ఇంటి పెద్దలకు గుర్తుంటే, దయచేసి అడిగి రాయండి. అప్పటి తెలుగు దినపత్రికల పాత సంచికలు ఏ గ్రంథాలయంలో చూడవచ్చో తెలిసినవారు చెప్పినా ఎంతో మేలు చేసినవారవుతారు.