5 లక్షల ఇందిరమ్మ ఇల్లు ఎండాకాలం ఉడికిపోకుండా కట్టుకోవడం ఎలా?

ప్రశ్న:
మాది ఖమ్మం వైపు పల్లెటూరు. మా అక్కావాళ్లకి ఇందిరమ్మ ఇల్లు శాంక్షన్ అయింది, బావది కూలి పనే. ఇప్పుడుండే రేకుల ఇంట్లో మే నెలొస్తే మధ్యాహ్నం కూర్చోలేరు, పిల్లల్ని వేపచెట్టు కింద మంచమేసి పడుకోబెడతారు. కొత్తిల్లయినా చల్లగా ఉండాలి. యూట్యూబ్‌లో మట్టి ఇటుకల ఇళ్లు చూపిస్తున్నారు గానీ అవన్నీ డబ్బున్నోళ్ల ఫామ్‌హౌసులే. పైగా 5 లక్షలు ఒకేసారి రావు కదా, బేస్‌మెంట్ లేచాక కొంత, స్లాబ్ పడ్డాక కొంత అట్లా వేస్తారు, ముందు అప్పు తెచ్చి పెట్టాల్సింది మనమే. ఇందులో ఏది వీలవుద్ది? కట్టించినోళ్లు చెప్పండి.

జవాబు 1:
తమ్ముడూ, పాల్వంచ థర్మల్ ప్లాంట్ మీకు దగ్గరే కాబట్టి అక్కడి బొగ్గు బూడిదతో చేసే ఇటుకలు చూడండి. బట్టీలో కాల్చే పనిలేదు, సైజు అన్నీ ఒక్కలాగే ఉంటాయి కాబట్టి ప్లాస్టరింగ్‌కి సిమెంటు తక్కువ పడుద్ది. గోడ ర్యాట్ ట్రాప్ బాండ్‌లో కట్టించండి, అంటే ఇటుకని పక్కకి తిప్పి నిలబెడతారు, మధ్యలో మూడంగుళాల ఖాళీ వస్తుంది, ఆ గాలి వల్ల వేడి తొందరగా లోపలికి దిగదు. ఇటుకలు నాలుగో వంతు మిగులుతాయి. ఆర్కిటెక్ట్ లారీ బేకర్ గారు కేరళలో తక్కువ ఖర్చు ఇళ్లు ఇట్లాగే కట్టారు.

జవాబు 2:
అన్నా, ఆ నాలుగో వంతు మిగిలేది మామూలు 9 అంగుళాల గోడతో పోలిస్తేనే. మన ఊళ్లలో పిల్లర్లు పోసి నాలుగున్నర అంగుళాల గోడే కడతారు, దాంతో పోలిస్తే ఇటుకలు ఎక్కువే పడతాయి. పిల్లర్లు మానేసి గోడ మీదే స్లాబ్ వేస్తే ఇనుము ఖర్చు తగ్గుద్ది, అప్పుడు లాభం. తమ్ముడూ, మీది ఎర్ర నేలా, నల్లరేగడా?

ప్రశ్న అడిగినవారు:
నల్లరేగడే అన్నా, వానాకాలం ఉబ్బుద్ది, ఎండాకాలం చెయ్యి పట్టేంత బీటలు.

జవాబు 2:
అయితే పిల్లర్లు మానొద్దు, గోడలు పగుల్తాయి. పునాది దగ్గర మాత్రం పొదుపు చూడకండి.

జవాబు 3:
మా ఆయన తాపీ మేస్త్రి. నేనైతే గోడ సంగతి వదిలేసి పైకప్పు చూసుకోమంటా, పైన ఇంకో అంతస్తు లేని ఇళ్లకి వేడి ఎక్కువగా దిగేది స్లాబ్ నుంచే. సున్నంలో కొంచెం ఫెవికాల్ కలిపి స్లాబ్ మీద రెండు కోట్లు కొట్టండి, ఏటా ఉగాది ముందు మళ్లీ కొట్టుకోవాలి, ఆ పని ఇంట్లోవాళ్లే చేసుకోవచ్చు. 2023లో తెలంగాణ తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ చెప్పేది కూడా ఇదే, ఎండని తిప్పికొట్టే తెల్లటి కప్పు. కిటికీలు ఎదురెదురుగా పెట్టించండి, పడమర గోడకి సజ్జా రెండడుగులు రానివ్వండి, ఇవి ప్లాన్‌లోనే చెప్పేస్తే పెద్ద ఖర్చుండదు. స్లాబ్‌లో బెంగుళూరు పెంకులు పెట్టి కాంక్రీటు తగ్గించే పద్ధతి కూడా ఉంది, కానీ బిల్లు రాసే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారు ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి, లేకపోతే బిల్లు ఆగిపోతే ఆ వడ్డీ మీ అక్కే కట్టాలి.