టర్బో సెడాన్‌లో శక్తి తగ్గింది: మొదట ఏ పరీక్ష చేయించాలి?

నమస్కారం. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న నా స్పోర్ట్ సెడాన్, డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో పెట్రోల్ ఇంజిన్ ఉన్నప్పటికీ, శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కినా చాలా నిదానంగా కదులుతోంది. నగరంలో ట్రాఫిక్‌లో నిలిచి సాగితే డ్రై క్లచ్ డీసీటీ గేర్‌బాక్స్ (నూనెలో మునగని రెండు క్లచ్‌లతో తానే గేర్లు మార్చేది) వేడెక్కి హెచ్చరిక చూపుతోంది. చెక్ ఇంజిన్ లైటు వెలిగినప్పుడల్లా సర్వీస్ సెంటర్‌వారు కంప్యూటర్‌లో నమోదైన లోపం కోడ్ చెరిపి పంపుతున్నారే తప్ప కారణం చెప్పకపోవడం నన్ను ఎంతో బాధిస్తోంది.

ఈ రకం ఇంజిన్లలో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే వెళుతుంది, గాలిని లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వులను కడగదు కనుక వాటిపై మసి పేరుకుంటుందని తెలుసు. గేర్‌బాక్స్ మార్పుకు లక్షలు వెచ్చించే ముందు బూస్ట్ లీకు పరీక్ష (టర్బో ఒత్తిడితో పంపే గాలి ఎక్కడైనా బయటకు పోతోందా అని చూడటం), వాల్వుల శుభ్రత, క్లచ్ అరుగుదల పరిశీలన, వీటిలో ఏది మొదట చేయించాలి? రీమ్యాప్ (శక్తి పెరిగేలా ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చడం) చేయించమని కొందరు అంటున్నారు కానీ, అరిగి ఉండవచ్చన్న క్లచ్‌పై అదనపు టార్క్ (తిప్పే బలం) మోపడం సబబుగా తోచడం లేదు. ఇటువంటి కారును బాగుచేయించుకున్నవారు దయచేసి తెలియజేయగలరు.