గాజా నిర్వాసితులకు సాయం: సరుకు పంపాలా, డబ్బు పంపాలా?

కృష్ణలంక అడిగారు:

అందరికీ నమస్కారం. విజయవాడ, హైదరాబాద్‌లలో ఉన్న మా పూర్వ విద్యార్థుల బృందం గాజాలో ఇళ్లు పోగొట్టుకుని గుడారాల్లో ఉంటున్న కుటుంబాల కోసం చందాలు వేసుకుంటోంది. ఇప్పటికి 4 లక్షల దాకా మాటిచ్చారు. సగం మంది దుప్పట్లు, పాలపొడి, బిస్కెట్లు, మందులు కొని విశాఖ నుంచి కంటైనర్‌లో పంపుదాం అంటున్నారు. మిగతా సగం డబ్బే పంపుదాం అంటున్నారు. సరుకు పంపితే ఎక్కడెక్కడ ఆగుతుంది? డబ్బు పంపితే మన చట్టాల ప్రకారం ఎలా పంపాలి? పాలస్తీనా శరణార్థుల కోసం ఉన్న ఐక్యరాజ్యసమితి సంస్థ ఉన్‌ర్వాను ఇజ్రాయెల్ నిషేధించింది కదా, దానికి ఇస్తే ఉపయోగం ఉంటుందా? వివరాలు తెలిసినవాళ్లు చెప్పండి. ఊరికే ఓదార్పు మాటలు వద్దు, లెక్కలు కావాలి.

---

రేవు_లెక్క జవాబు:

కంటైనర్ ఆలోచన ఇక్కడితో ఆపేయండి. ఎందుకో చెబుతాను.

సముద్రం మీద పంపిన సరుకు ఈజిప్టులో పోర్ట్ సయీద్‌కో, జోర్డాన్‌లో అఖబాకో చేరుతుంది. అక్కడ దాన్ని విడిపించుకోవడానికి ఒక గుర్తింపు పొందిన సంస్థ ఉండాలి. ఈజిప్టు వైపు ఈజిప్షియన్ రెడ్ క్రెసెంట్, జోర్డాన్ వైపు జోర్డాన్ హాషిమైట్ చారిటీ ఆర్గనైజేషన్ ఈ పని చూస్తాయి. ఏ సంస్థా ముందుగా ఒప్పుకోకుండా, వ్యక్తుల పేరున వచ్చిన పెట్టెలు రేవులోనే పడి ఉంటాయి, డెమరేజ్ (సరుకు ఆలస్యంగా విడిపిస్తే కట్టే రుసుము) పెరుగుతూ పోతుంది. ఐక్యరాజ్యసమితి 2720 తీర్మానం కింద, అంటే 2023 డిసెంబర్ 22 తర్వాత, సరుకు వివరాలు నమోదు చేసి వెంటాడే వ్యవస్థ ఒకటి వచ్చింది. దాన్ని ఐక్యరాజ్యసమితి ప్రాజెక్టు సేవల విభాగం యూఎన్ఓపీఎస్ నడుపుతోంది. అందులోకి ఎక్కాలన్నా సంస్థ పేరు, లోపల అందుకునేవాళ్ల పేరు కావాలి.

గాజా సరిహద్దుకు దగ్గర్లోని ఈజిప్టు పట్టణం అల్ అరీష్ గోదాముల నుంచి లారీ రఫా మీదుగా ఇజ్రాయెల్ తనిఖీ గేటు కెరెమ్ షాలోమ్ చేరాక అసలు కష్టం మొదలవుతుంది. అక్కడ సరుకంతా దించుతారు, స్కానింగ్, తనిఖీ అయ్యాక లోపలి వైపు పాలస్తీనా లారీలకు మళ్లీ ఎక్కిస్తారు. రెండోవైపు లారీకి డీజిల్ ఉండాలి, డ్రైవర్‌కు అనుమతి ఉండాలి, వెళ్లే దారి సురక్షితమని ఇజ్రాయెల్ సైన్యంతో ముందే మాట్లాడుకుని ఉండాలి. ఈ మూడింటిలో ఒకటి తప్పినా తనిఖీ అయిపోయిన సరుకు గేటు లోపలే ఎండకు ఎండి వానకు తడుస్తుంది. యుద్ధానికి ముందు పనిదినానికి సగటున 500 లారీలు వెళ్లేవి. 2025 మార్చి 2 నుంచి మే 18 వరకు ఒక్కటీ వెళ్లలేదు. ఆ ఏడాది ఆగస్టు 22న గాజా గవర్నరేట్‌లో కరువు ఉందని ఆకలి తీవ్రతను అంచనా వేసే అంతర్జాతీయ వ్యవస్థ ఐపీసీ ధ్రువీకరించింది. తిండి దొరకని చోటు కాదది. సరుకు గేటు బయట పేరుకుపోయి ఉండగా లోపల వచ్చిన కరువు.

ఇక ద్వంద్వ వినియోగం, అంటే మామూలు పనికీ యుద్ధానికీ పనికొస్తాయన్న పేరుతో ఆపేవి. జనరేటర్ భాగాలు, ఆక్సిజన్ సిలిండర్లు, గుడారాల ఇనుప కడ్డీలు, నీటి శుద్ధి పరికరాలు, చివరికి మెడికల్ కిట్లలో కత్తెర్ల వల్ల కూడా సరుకు వెనక్కి వచ్చింది. ఒక లారీలో కలిపి ఎక్కించిన వాటిలో ఒక్క వస్తువు అభ్యంతరకరం అన్నా లారీ మొత్తం వెనక్కే. మీరు చెప్పిన "దుప్పట్లు, బిస్కెట్లు, మందులు" కలగాపులగపు కంటైనర్‌కు ఇదే గతి పట్టే అవకాశం ఎక్కువ. అనుభవమున్న సంస్థలు ఒక్కో ప్యాలెట్‌కు ఒకే రకం సరుకు సర్దుతాయి, బయట అరబిక్, ఇంగ్లీషుల్లో చీటీ అంటిస్తాయి, బ్యాచ్ నంబరు, గడువు తేదీ జాబితాతో పోల్చి చూస్తాయి.

మన ప్రభుత్వం పంపిన తీరు చూస్తే తేడా తెలుస్తుంది. 2023 అక్టోబర్ 22న వాయుసేన సీ-17 విమానంలో 6.5 టన్నుల మందులు, 32 టన్నుల సహాయ సామగ్రి అల్ అరీష్ వెళ్లాయి. దేశం పేరున, అటు అందుకునేవాళ్లు సిద్ధంగా ఉండి వెళ్లిన సరుకది. మీ 4 లక్షల్లో రవాణాకే ఎక్కువ పోతుంది.

---

పాలవెల్లి జవాబు:

పాలపొడి సంగతి నేను చెప్తాను, ఎందుకంటే మంచి మనసుతో చేసే పెద్ద పొరపాటు ఇదే.

డబ్బా పాలపొడి క్రిమిరహితమైనది కాదు. కనీసం 70 డిగ్రీల వేడి ఉన్న నీళ్లలో కలపాలి. గుడారంలో కట్టెలు లేవు, గ్యాస్ లేదు, నీళ్లేమో ట్యాంకరువి. గోరువెచ్చని నీళ్లలో కలిపి, కడగని సీసాలో పోసి పట్టిస్తే విరేచనాలు. నెలల పిల్లలకు అది ప్రాణం మీదికొస్తుంది. రెండోది, ఒక బిడ్డకు ఆరు నెలలకు సుమారు 20 కిలోల పొడి కావాలి. మీరు పంపే రెండు డబ్బాలు వారం, పది రోజులు వస్తాయి. ఈలోపు తల్లికి పాలు తగ్గిపోతాయి, ఆ తర్వాత డబ్బా దొరకదు. అందుకే అడగని పాలపొడి విరాళాలు తీసుకోవద్దని అత్యవసర పరిస్థితుల శిశు పోషణ మార్గదర్శకాలు ఖచ్చితంగా చెబుతాయి.

మరి తల్లి చనిపోయిన బిడ్డ? ఆ బిడ్డకు ఫార్ములా (డబ్బా పాలు) కావాల్సిందే, గాజాలో అలాంటి పిల్లలు చాలామంది. వాళ్లను పోషకాహార కార్యకర్త చూసి నమోదు చేసి, వీలైతే కలపనక్కర్లేని ద్రవ ఫార్ములా ఇస్తారు. సీసా బదులు చిన్న కప్పుతో పట్టించడం నేర్పుతారు, కప్పు కడగడం తేలిక. ప్రతి వారం సరఫరా తప్పకూడదు. ఇది యూనిసెఫ్ లాంటి సంస్థ గొలుసుగా చేయగల పని, చందా డబ్బాలతో అయ్యేది కాదు.

ఆకలితో ఉన్న తల్లికి పాలు అసలు రావనుకోవడం కూడా తప్పు. మరీ తీవ్రంగా క్షీణిస్తే తప్ప వస్తాయి. పాలిచ్చే తల్లికి రోజూ అదనంగా 500 కేలరీల దాకా పెట్టడం, కూర్చోవడానికి చాటు కల్పించడం బిడ్డకు నేరుగా చేసే సాయం.

ఆరు నెలలు దాటి ఐదేళ్ల లోపు పిల్లలకు జబ్బ చుట్టుకొలత పట్టీతో చూస్తారు. 12.5 సెంటీమీటర్ల కంటే తక్కువైతే పోషకాహార లోపం, 11.5 కంటే తక్కువైతే తీవ్రమైనది. తీవ్రమైనా ఆకలి బాగా ఉండి వేరే జబ్బు లేని పిల్లలకు వేరుశెనగ ముద్ద ప్యాకెట్లు ఇస్తారు. ఒక్కోటి 92 గ్రాములు, 500 కేలరీలు. నీళ్లు కలపనక్కర్లేదు, వండనక్కర్లేదు, అందుకే అక్కడ దానికంత విలువ. 150 ప్యాకెట్ల పెట్టె సుమారు ఒక బిడ్డ చికిత్సకు, ఆరు నుంచి ఎనిమిది వారాలకు సరిపోతుంది. వాపులు ఉన్నా, తినలేకపోతున్నా ఆస్పత్రిలో చేర్చి చికిత్సకు వాడే ఎఫ్-75 పాలు కొంచెం కొంచెంగా రెండు మూడు గంటలకోసారి పట్టాలి. ఎండిపోయిన బిడ్డకు ఒక్కసారిగా కడుపు నిండా పెడితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండె ఆగవచ్చు. పప్పు, బియ్యం బస్తాలు పంపేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. అవి వండడానికి మంట కావాలి. మంట లేక ప్లాస్టిక్ కాల్చి వండుకున్న కుటుంబాలు ఎన్నో. అందుకే రొట్టెల బేకరీలకు పిండి, డీజిల్ రెండూ కలిపి ఇస్తేనే పని జరుగుతుంది.

---

బోరింగు జవాబు:

నీళ్ల గురించి. గాజా భూగర్భ జలాల్లో 90 శాతం పైగా తాగడానికి పనికిరానివి, ఉప్పు, నైట్రేట్ ఎక్కువ. క్లోరిన్ వేస్తే క్రిములు చస్తాయి, ఉప్పు పోదు. ఉప్పు పోవాలంటే డీశాలినేషన్, దానికి కరెంటు లేదా డీజిల్. 2025 మార్చి 9న దేర్ అల్ బలాహ్ ప్లాంటుకు కరెంటు కోసేశాక ఉత్పత్తి పడిపోయింది. అక్కడ డీజిల్ ఆగిన రోజే నీళ్లూ ఆగుతాయి.

సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ కనీస ప్రమాణం ప్రకారం మనిషికి రోజుకు 15 లీటర్లు, తాగడానికీ వంటకీ ఒంటికీ కలిపి. ట్యాంకర్ నీళ్లలో క్లోరిన్ వేయడం అందరూ చేస్తారు గానీ కొలత తప్పుతుంది. 65–70 శాతం కాల్షియం హైపోక్లోరైట్ 15 గ్రాములు లీటరు నీళ్లలో కలిపితే ఒక శాతం ద్రావణం. నాలుగు 20 లీటర్ల బకెట్లు పెట్టి వరుసగా 1, 2, 3, 4 మిల్లీలీటర్లు వేసి, అరగంట ఆగి మిగులు క్లోరిన్ చూడాలి. 1 మిల్లీలీటరు అంటే లీటరుకు అర మిల్లీగ్రాము. ఏ బకెట్‌లో లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల మధ్య మిగిలిందో ఆ మోతాదు తీసుకోవాలి. లీటరుకు 2 మిల్లీగ్రాములు అవసరమని తేలితే 10 వేల లీటర్ల ట్యాంకరుకు ఆ ద్రావణం 2 లీటర్లు. నీళ్లు బురదగా ఉంటే ముందు తేర్చాలి, లేకపోతే క్లోరిన్ అంతా మట్టికే ఖర్చవుతుంది. ఇంత చేశాక వెడల్పు మూతి బకెట్‌లో పట్టుకెళ్లి చెంబు ముంచితే మళ్లీ మొదటికొస్తుంది. ఇంటికి 10–20 లీటర్ల సన్నమూతి క్యాన్లు రెండు ఇవ్వాలి, ఒకటి తేవడానికి, ఒకటి దాచడానికి.

మరుగుదొడ్డి 20 మందికి ఒకటి లెక్క. గుడారాలున్న తీరప్రాంతం అల్ మవాసీలో నేల ఇసుక, సముద్రం పక్కనే, అందుకని గోతి తవ్వితే గోడలు కూలతాయి, నీటి మట్టం పైనే తగులుతుంది. పీపాలు గానీ ఇసుక మూటలు గానీ పెట్టి గోడ కట్టాలి, లేదంటే ట్యాంకు పెట్టి తోడించాలి. తోడే బండికి మళ్లీ డీజిల్. ఆడవాళ్ల వైపు లోపల గడియ, దీపం లేకపోతే రాత్రి ఎవరూ వెళ్లరు, నీళ్లు తాగడం మానేస్తారు. ఈ రెండు వస్తువులకు ఖర్చు తక్కువ, అయినా నివేదికల్లో అవే ముందు మాయమవుతాయి.

మురుగు వదిలేస్తే ఏమవుతుందో 2024లోనే తేలింది. ఖాన్ యూనిస్, దేర్ అల్ బలాహ్ మురుగునీటిలో పోలియో వైరస్ దొరికింది, ఆగస్టులో పది నెలల బిడ్డకు పక్షవాతం వచ్చింది. 25 ఏళ్లలో అక్కడ మొదటి కేసు. సెప్టెంబర్‌లో బాంబుల మధ్య విరామాలు అడిగి పదేళ్ల లోపు పిల్లలకు చుక్కలు వేశారు.

గుడారానికి మనిషికి 3.5 చదరపు మీటర్లు, అయిదుగురికి 17.5. ఇసుకలో మామూలు మేకులు నిలవవు. ఇసుక నింపిన సంచిని తాడుతో కట్టి అడుగు లోతున పూడ్చి దానికి లాగి కట్టాలి. నవంబర్ నుంచి మార్చి దాకా వానలు, చుట్టూ కాలువ తీయకపోతే పరుపులు మునుగుతాయి.

---

కృష్ణలంక:

అందరికీ ధన్యవాదాలు. కంటైనర్ మాట మా గ్రూపులో ఆపించేశాను. ఇక డబ్బు, ఉన్‌ర్వా సంగతి చెప్పండి. ఒకరి ఖాతాలోకి అందరం వేసి ఆయనే పంపితే సరిపోతుందా?

---

పద్దుపుస్తకం జవాబు:

సరిపోదండీ. ఎల్‌ఆర్‌ఎస్ (మనం విదేశాలకు డబ్బు పంపడానికి ఆర్‌బీఐ పెట్టిన పథకం) కింద విదేశీ చెల్లింపు వ్యక్తులకు మాత్రమే, ఏడాదికి 2.5 లక్షల డాలర్ల దాకా. బ్యాంకుకు ఇచ్చే ఫారం ఏ-2లో ఈ డబ్బు నాదే అని సంతకం పెడతారు. 40 మంది సొమ్ము ఒకరు తనదని రాస్తే రేపు ఆదాయపు పన్ను వాళ్లు అడిగినప్పుడు జవాబు ఉండదు. ఎవరిది వాళ్లు పంపండి, రసీదుల కాపీలు ఒకచోట పెట్టుకోండి. పాన్ కావాలి, పర్పస్ కోడ్ ఎస్1303, అంటే విదేశాల్లోని ధార్మిక, సేవా సంస్థలకు విరాళం. ఏడాదిలో మొత్తం 10 లక్షలు దాటితేనే ఆ పైన 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందుగానే వసూలు చేసే పన్ను) పడుతుంది. మీవాళ్లకు ఆ బెడద లేదు. విరాళాలపై వచ్చే 80జీ పన్ను మినహాయింపు మాత్రం రాదు. ట్రస్టు ద్వారా పంపుదాం అంటారు ఎవరో ఒకరు. సొమ్ము దేశం బయట ఖర్చుపెడితే సీబీడీటీ (కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు) ప్రత్యేక ఆమోదం లేకుండా ఆ సొమ్ముపై ట్రస్టుకు పన్ను మినహాయింపు రాదు. ఏ సంస్థ భారత శాఖకైనా ఇచ్చేముందు ఆ డబ్బు గాజాకే వెళ్తుందని పేజీలో స్పష్టంగా రాసి ఉందో లేదో చూడండి. చాలా వరకు ఇక్కడి పనులకే వాడతారు.

దుబాయ్, షార్జాల్లో ఉన్న మీ మిత్రులకు ఒక మాట. అక్కడ 2021 చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా చందా అడగడమే నేరం, వాట్సాప్‌లో అడిగినా సరే. వాళ్లను ఎమిరేట్స్ రెడ్ క్రెసెంట్ లాంటి లైసెన్సున్న సంస్థకే విడిగా ఇవ్వమనండి. అమెరికాలో ఉన్నవాళ్లకు ఉన్‌ర్వా యూఎస్ఏ అనే విడి సంస్థ ఉంది, పన్ను రాయితీ కూడా వస్తుంది.

ఉన్‌ర్వా గురించి. 1949 డిసెంబర్ 8న 302వ తీర్మానంతో పుట్టి 1950 మే 1న పని మొదలుపెట్టింది. అది ఉన్న అయిదు ప్రాంతాల్లో పాలస్తీనా శరణార్థులను ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ చూడదు, కాబట్టి ఉన్‌ర్వా పోతే ఆ బాధ్యత ఆటోమేటిగ్గా తీసుకునేవాళ్లు లేరు. దాన్ని నిషేధిస్తూ ఇజ్రాయెల్ పార్లమెంటు చేసిన చట్టాలు 2025 జనవరి 30న అమల్లోకి వచ్చాయి. 2025 మార్చి 2 నుంచి దాని సొంత సరుకును గాజాలోకి రానివ్వలేదు. ఈజిప్టు, జోర్డాన్ గోదాముల్లో 6 వేల లారీల సరుకు ఆగిపోయిందని ఆ సంస్థే చెప్పింది. అయితే లోపల ఉన్న వేలాది సిబ్బంది స్థానికులే, వాళ్లలో ఎక్కువమంది శరణార్థులే. వాళ్లు రోగులను చూడటం, నీళ్లు అందించడం, పిల్లలకు చదువు చెప్పడం ఆపలేదు. దానికి ఇచ్చే డబ్బు ప్రధానంగా వైద్యుల, నర్సుల, టీచర్ల జీతం. నా అభిప్రాయంలో అది వృథా కాదు, ఆహారపు పెట్టె కంటే ముందు కావాల్సింది పెట్టె ఎవరికి ఇవ్వాలో తెలిసిన మనిషి. భారత ప్రభుత్వం కూడా ఏటా 50 లక్షల డాలర్లు ఉన్‌ర్వాకే ఇస్తూ వచ్చింది.

సోషల్ మీడియాలో విడి కుటుంబాల పేరుతో వచ్చే విజ్ఞప్తుల్లో నిజమైనవీ ఉన్నాయి. కానీ గాజాలో నోట్ల కొరత వల్ల ఖాతాలోని సొమ్మును నగదు చేయడానికి 2025 మధ్యలో 40 శాతం దాకా కమీషన్ గుంజారు. క్రిప్టో అడ్రసు ఇచ్చేవాళ్లకు మాత్రం అస్సలు పంపకండి.

---

రేవు_లెక్క:

పద్దుపుస్తకం గారి మాటకు చిన్న చేర్పు. అందరి దృష్టీ గాజా మీదే ఉంటుంది గానీ, 2025 జనవరి నుంచి వెస్ట్ బ్యాంక్‌లో జెనిన్, తుల్‌కర్మ్, నూర్ షమ్స్ శిబిరాల నుంచి 30 వేల మందికి పైగా తరిమివేయబడ్డారు. అక్కడ దుకాణాలు తెరిచే ఉన్నాయి, అద్దెకు గదులూ దొరుకుతాయి. కాబట్టి నగదు సాయం పూర్తి విలువతో చేరుతుంది, గేటు బెడద లేదు. మీ 4 లక్షల్లో కొంత అటు కేటాయించండి. విరాళం పేజీలో గాజా, వెస్ట్ బ్యాంక్ అని విడిగా ఎంచుకునే వీలుంటే అది ఎంచుకోండి. లేకపోతే "ఎక్కడ అవసరమైతే అక్కడ" అన్నది నొక్కండి. గాజా అని గిరి గీసి ఇచ్చిన సొమ్ము గేటు మూసిన నెలల్లో ఖర్చుపెట్టలేక ఆగిపోతుంది. నెలనెలా ఇచ్చే పద్ధతి పెట్టుకుంటే మన కార్డులకు ఆర్‌బీఐ ఈ-మాండేట్ (కార్డు నుంచి నెలనెలా దానంతటదే డబ్బు కట్ అయ్యే అనుమతి) నిబంధన అడ్డొస్తుంది. రెండో నెల చెల్లింపు చెప్పకుండా ఫెయిలవుతుంది, ఎవరైనా ఒకరు అందరికీ గుర్తుచేసే పని పెట్టుకోండి.