ఫైర్ లైన్లు కాల్చేటప్పుడు గెడ్డ (కొండవాగు) సంగతి ఎవరు చూడాలి?

కొండదారి:
అందరికీ నమస్తే. మాది పాడేరు వైపు కొండ మీద ఊరు. ఏటా సంక్రాంతి దాటాక ఫారెస్టువాళ్ళు అడివిలో ఫైర్ లైన్లు, అంటే మంట దాటకుండా ఖాళీ పట్టీలు, గీసి రాలిన ఆకు కాలుస్తారు, ఎండల్లో పెద్ద మంట రాకుండా ఉండాలంటే అది కావాల్సిందే, దానికి నేనేం అడ్డం కాదు. కానీ పోయినేడు మంట గెడ్డ గట్టు దాకా దిగిపోయింది, ఆ తర్వాత తొలివానకి నీళ్ళు డికాషన్ రంగులో వచ్చాయి, మా అమ్మ బిందె వంపితే అడుగున వేలెడు మందాన నల్లబురద. మేం తాగేది ఆ నీళ్ళే. వాళ్ళని అడిగితే వానాకాలం ఏ గెడ్డైనా అంతే కదా అన్నారు, కాదు అని చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఊరి తరఫున ఎవరు అడగొచ్చు, గెడ్డ బాగుందో లేదో మనకి మనం చూసుకోవడం ఎలా?

తీర్మానంపుస్తకం:
తమ్ముడూ, అడగాల్సింది మీ గ్రామసభే. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 5 చూడు, పక్కనున్న పరీవాహక ప్రాంతం, నీటి వనరులు కాపాడే అధికారం గ్రామసభకి ఇచ్చారు, దానికోసం రూల్ 4(1)(ఇ) కింద ఊళ్ళోవాళ్ళతోనే కమిటీ వెయ్యాలి. చాలా ఊళ్ళలో ఈ కమిటీ కాగితం మీద కూడా ఉండదు, అదే నా బాధ. కాల్చకముందే ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ని పిలిచి గెడ్డ వెంబడి కలిసి నడవండి, ఏ చెట్టు దాటి నిప్పు రాకూడదో సున్నంతో గుర్తు పెట్టి తీర్మానంలో రాయించండి. రిజర్వు ఫారెస్టులో మనంతట మనం నిప్పు పెడితే మాత్రం కేసవుతుంది, అది పిల్లలకి కూడా చెప్పండి.

రాయికింద:
కాల్చకముందు చూసి రాసుకోకపోతే తర్వాత ఎంత వాదించినా నిలబడదండీ. జనవరి నుంచే వారానికోసారి ఒకే చోట నిలబడి చూడండి. గాజుసీసాలో నీళ్ళు పట్టి వెనక పేపర్ పెట్టి అక్షరాలు కనిపిస్తున్నాయో లేదో ఫోటో తియ్యండి, ఊట దగ్గర బకెట్ ఎన్ని సెకన్లకి నిండిందో రాయండి, బూడిద కలిస్తే పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణం కొలత) పెరుగుతుంది కాబట్టి అది చూసే స్ట్రిప్పులు కూడా కొనుక్కోండి. అన్నిటికంటే ముఖ్యం, నీళ్ళలో రాయి తిరగేసి తెల్ల పళ్ళెంలో కడగండి, తోక దగ్గర మూడు వెంట్రుకల్లాంటివి ఉండి పొట్టకి రెండు పక్కలా మొప్పలు ఆడించే చిన్న పురుగులు దొరుకుతాయి, మేఫ్లై అనే రెక్కల పురుగు పిల్లలు అవి. ఇసుక, బురద రాళ్ళ సందుల్లో పేరుకుంటే ముందు కనపడకుండా పోయే రకాలు వాటిలోనే ఎక్కువ, అందుకే అవి తగ్గాయేమో చూడమంటున్నా.

ములుగుపిల్లగాడు:
మా దిక్కు అయితే కాల్చేది ఫారెస్టోళ్ళు ఒక్కళ్ళే కాదన్నా, ఇప్పపువ్వు ఏరనీకి చెట్టు కింద మంట పెడతరు, తునికాకు చిగురు మంచిగ రావాలని ఇంకొందరు పెడతరు. వాళ్ళని కూడా మీటింగ్‌కి పిలువుర్రి, లేకపోతే తీర్మానం ఎందుకూ పనికిరాదు. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌ల నంబర్ రిజిస్టర్ చేసుకుంటే శాటిలైట్ల మంట కనపడంగనే మెసేజ్ వస్తది, ఎవరైనా చేసుకోవచ్చు. కర్ణాటకల బిళిగిరి కొండల సోలిగలనే ఆదివాసీలు ఎండలు ముదరకముందే చిన్నగ ఆకుమంట పెట్టేటోళ్ళట, అది ఆపినంక అడివంతా లాంటానా అనే ముళ్ళపొద కమ్మిందని వాళ్ళే చెప్తరు. అందుకే మంట మొత్తం బందు పెట్టాలని అడగకుర్రి, ఎక్కడ, ఎప్పుడు అన్నదే అడగుర్రి.

కొండదారి:
అందరికీ చాలా థ్యాంక్స్. ఇప్పపువ్వు ఏరే పెద్దమ్మలు మా ఇంటి పక్కనే ఉంటారు, ముందు వాళ్ళతోనే మాట్లాడతా. రేపు మా చెల్లి, నేను గెడ్డలోకి దిగి మూడు రాళ్ళు తిరగేసి ఫోటోలు పెడతాం, అవి మేఫ్లై పిల్లలేనా కాదా చెప్పండి.