లెక్కలు, ఇంగ్లీషు చెప్పని మత బడికి సర్కారు డబ్బు ఇవ్వొచ్చా? (ఇజ్రాయెల్ హరేదీ బడులు)

గోదారిగట్టు:
ఇజ్రాయెల్‌లో హరేదీ (కట్టుదిట్టమైన సంప్రదాయ యూదు) అబ్బాయి ఎనిమిదో తరగతి అయ్యాక యెషివా అనే మత పాఠశాలలో చేరతాడు. అక్కడ పొద్దస్తమానం యూదు ధర్మశాస్త్ర గ్రంథం తాల్ముద్ చదువే. లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు ఉండవు. 2008 చట్టం దీన్ని అధికారికంగా ఒప్పుకుని, మామూలు బడికిచ్చే నిధుల్లో 60 శాతం ఇస్తోంది. పిల్లవాడి భవిష్యత్తును పార్టీలు ఓట్ల కోసం తాకట్టు పెట్టడమే ఇది.

బడిగంట:
గోదారిగట్టు గారూ, చరిత్ర వదిలేశారు. 1947 జూన్‌లో, తర్వాత ఇజ్రాయెల్ తొలి ప్రధాని అయిన బెన్‌గురియన్ హరేదీ పార్టీ అగుదత్ ఇజ్రాయెల్‌కు రాసిన ఉత్తరంలోనే మతవర్గాల చదువు జోలికి రామని హామీ ఉంది. 1953 చట్టం పార్టీల బడులను రద్దు చేసినప్పుడూ అగుదత్ తన బడులను విడిగా ఉంచుకుంది. వాళ్లూ పన్ను కడుతున్నారు. మన దగ్గర మాత్రం? 2012 సవరణ తర్వాత విద్యాహక్కు చట్టం మదర్సాలకు, వేదపాఠశాలలకు వర్తించదు.

చాక్‌పీసు:
అసలు చిక్కు ఎనిమిదో తరగతి లోపే ఉంది. నిధులు మూడు మెట్లు. అగుదత్, షాస్ అనే రెండు హరేదీ పార్టీల పెద్ద బడుల నెట్‌వర్కులకు 100 శాతం. వాటి బయట ఉన్న గుర్తింపు బడులకు 75, నిబంధనల నుంచి మినహాయింపు పొందిన బడులకు 55. కోర్ సిలబస్ (లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు లాంటి తప్పనిసరి పాఠాలు) కూడా అదే నిష్పత్తిలో చెప్పాలన్నది షరతు. కానీ చెప్పారో లేదో చూసేదెవరు? తనిఖీ బలహీనం. అబ్బాయిల బడులు చాలావరకు జాతీయ పరీక్షలకు కూర్చోవు. కాబట్టి టైంటేబుల్లో లెక్కల పీరియడ్ రాసి ఉంటే చాలు, డబ్బు వచ్చేస్తుంది. అమ్మాయిల బడులు ఇందుకు భిన్నం, లెక్కలూ ఇంగ్లీషూ గట్టిగానే చెబుతారు. హరేదీ ఆడవాళ్లలో దాదాపు 80 శాతం ఉద్యోగాల్లో ఉంటే మగవాళ్లలో సగానికి కాస్త ఎక్కువ. మతం ఒకటే, ఇల్లూ ఒకటే. తేడా చదువుది ఒక్కటే కాదు, మగవాళ్లు పెళ్లయ్యాకా మతాధ్యయనంలోనే ఉండాలన్న ఆదర్శం కూడా ఉంది. అయినా సిలబస్ వాటా చిన్నది కాదు.

బడిగంట:
నిధులు ఆపితే బడి మూతపడదు, విరాళాలతో నడుస్తుంది. అప్పుడు తనిఖీ అధికారికి గుమ్మం దాకా కూడా దారుండదు. నేను భయపడేది అందుకే.

గోదారిగట్టు:
ఆ భయం న్యాయమైనదే. కానీ సంకీర్ణ లెక్క చూడండి. 120 మంది సభలో 61 కావాలి. 2022 ఎన్నికల్లో షాస్‌కు 11, అగుదత్ ఉన్న యునైటెడ్ తోరా జుడాయిజంకు 7, మొత్తం అధికార కూటమికి 64. ఆ 18 తీసేస్తే ప్రభుత్వమే లేదు. ఇలాంటి లెక్కల వల్లే 2013 తర్వాత వచ్చిన కోర్ సిలబస్ జరిమానాలను 2016లో ఎత్తేశారు. ఒక ప్రభుత్వం పెట్టింది, ఇంకొకటి తీసింది. ఏ హెడ్‌మాస్టరు ఈ ఊగిసలాటను నమ్మి లెక్కల టీచర్ని పెట్టుకుంటాడు?

నల్లబల్ల:
సెక్యులర్ బడుల సంగతీ చూడాలి. అదే 2022లో ఒకే ఒక్క సీటున్న మతవాద నోఆమ్ పార్టీ నేత అవీ మావోజ్‌కు, బడుల్లో బయటి సంస్థలు నడిపే కార్యక్రమాల విభాగం అప్పగించేందుకు ఒప్పందం కుదిరింది. చాలామంది మేయర్లు ఎదురుతిరిగారు. తమ బడిని ముట్టుకోవద్దనే హక్కు హరేదీలకుంటే, మిగతా తల్లిదండ్రులకూ అదే హక్కుండాలి.

చాక్‌పీసు:
నా మాట ఇది: సిలబస్ ఏమిటన్నది పార్టీలతో బేరం ఆడొద్దు. నిధులను పీరియడ్ల లెక్కకు కాక, లెక్కలు-ఇంగ్లీషు టీచర్ల నియామకానికీ, నాలుగు, ఎనిమిది తరగతుల్లో బయటివాళ్లు పెట్టే పరీక్షకీ ముడిపెట్టాలి. 2024 నవంబరులో మన సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్ మదర్సా చట్టాన్ని నిలబెడుతూ, చదువు ప్రమాణాలను నియంత్రించే అధికారం రాష్ట్రానికుందని చెప్పింది. కామిల్, ఫాజిల్ డిగ్రీల భాగాన్నే కొట్టేసింది. బడి ఉంటుంది, ప్రమాణమూ ఉంటుంది.

బడిగంట:
టీచర్ నియామకం వరకు ఒప్పుకుంటాను. పరీక్ష పేపర్ ఎవరు తయారుచేస్తారో ముందు తేల్చండి. అందులో వాళ్ల మనిషి లేకపోతే నేను ఒప్పుకోను.