లాడన్ నదిలో చబ్ చేపలు గాలానికి పడడం లేదు, సలహా చెప్పగలరా?

ఇంగ్లండ్‌లో రెడింగ్ పట్టణం దగ్గర థేమ్స్‌లో కలిసే లాడన్ అనే చిన్న నదిలో, రాడ్ లైసెన్సు (గాలం వేయడానికి ప్రభుత్వ అనుమతి), స్థానిక క్లబ్బు అనుమతి రెండూ తీసుకుని, జూన్ 16న సీజన్ మొదలైనప్పటి నుంచి బెండు కట్టిన గాలంతో చబ్ చేపల కోసం ప్రయత్నిస్తున్నాను. విడిగా విసిరిన రొట్టె ముక్కలను వాలిన కొమ్మల కింద తెల్లని పెదవులు తెరిచి మింగే చేపలే, గాలానికి గుచ్చిన ముక్క దగ్గర ఒక్క క్షణం ఆగి, పక్కకు తప్పుకుంటున్నాయి. (చిన్నప్పుడు చెరువులో వానపాములతో జెల్లలు పట్టిన నేర్పు ఇక్కడ అక్కరకు రాలేదు.) అడుగునీటికన్నా పైనీరు వేగంగా పారుతుంది కనుక, బెండు ఎరను ముందుకు లాక్కుపోతున్నదేమోనని నా అనుమానం. బెండును కాస్త ఆపి ఆపి వదలాలా, ఇప్పుడున్న 6 పౌన్ల బరువు తట్టుకునే లైనుకు (గాలపు దారానికి) బదులు ఇంకా సన్ననిది వాడాలా, లేక బెండు మానేసి బరువు కట్టి అడుగున ఎర వేయాలా?