పాత చేతిపనుల రోజు చేస్తున్నాం: వాలంటీర్లుగా పనిచేసినవాళ్లు మీ అనుభవాలు చెప్పండి

నూలుపోగు:
మా సంఘం మొదటిసారి వారసత్వ దినం జరుపుతోంది. కుమ్మరం, కమ్మరం, నీలి అద్దకం, నూలు వడకడం, ఈ నాలుగూ ఉంటాయి. ప్రపంచ వారసత్వ దినం కదా అని ఏప్రిల్ 18 అనుకున్నాం. వాలంటీర్లం పన్నెండు మందిమి, ఒక్కరికీ ఈ పనులు రావు. ఎక్కడ పొరపాటు జరుగుతుందో ముందే తెలిస్తే కాస్త టెన్షన్ తగ్గుతుంది.

సారె పక్కన:
మూడేళ్లుగా కుమ్మరి సారె దగ్గర నిలబడుతున్నాను. మొదటి ఏడాది పిల్లలతో అంతా మొదటి నుంచీ చేయించాలనుకున్నాం. మట్టిముద్ద సారె నడిమధ్యన కుదురుకోకపోతే చేతులు ఊగిపోతాయి, అంచు ఒక పక్కకు లాగేసి కూలిపోతుంది. చాలామంది ఏడుపు మొహంతో వెళ్లారు. మరుసటి ఏడాది నుంచి కుమ్మరి పెద్దాయనే ముద్దను కుదురు చేసి ఇస్తున్నారు. పిల్లలు తడి బొటనవేళ్లు మధ్యలో దించితే చాలు, గుంట మెల్లగా విచ్చుకుంటుంది. ఒక పాప ఊపిరి బిగబట్టి చూస్తూ ఉండిపోయింది, వాళ్లమ్మ పిలిచినా వినలేదు.

ఇంకొకటి, చేసిన కుండ అదే రోజు కాల్చి ఇస్తామని ఒప్పుకోకండి. తడి పూర్తిగా ఆరకుండా కాలిస్తే లోపలి నీరు ఆవిరై కుండ పగులుతుంది. అడుగున పేరు గీయించుకుని, కాల్చాక కబురు పెట్టండి.

కొలిమి సెగ:
కొలిమిని నీడలో పెట్టండి, ఇది మాత్రం మరవకండి. ఇనుము ఎంత కాగిందో కమ్మరి దాని రంగు చూసే పోల్చుకుంటారు. ఎండలో ఆ ఎరుపు తెలియదు. మేం జనానికి బాగా కనబడాలని ఆరుబయట పెట్టించాం. పాపం ఆయన ఒక చేత్తో పట్టకారు, ఇంకో చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని పొద్దంతా అవస్థపడ్డారు. ఎరుపు పోయి నల్లబడ్డ ఇనుము కూడా చెయ్యి కాల్చేస్తుంది. ఇనుమును పెట్టి కొట్టే దాగలి చుట్టూ తాడు కట్టి, అక్కడే ఒక మనిషిని ఉంచండి. ఆ మనిషికి ఇంకే పనీ చెప్పొద్దు.

నీలి తొట్టి:
అద్దకం దగ్గర వాలంటీర్ తొందరపడి చెప్పేయకూడదు. తొట్టిలోంచి తీసినప్పుడు గుడ్డ పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. గాలి తగిలేకొద్దీ కళ్లముందే నీలంగా మారుతుంది. ఆ కాసేపు మాట్లాడకుండా ఉంటే జనమే దగ్గరికి వచ్చి అడుగుతారు. గుడ్డను నురగ లేవకుండా నెమ్మదిగా ముంచమనండి, గాలి ఎక్కువ కలిస్తే తొట్టి పని చెయ్యదు.

సారె పక్కన:
డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తుతాను. మనం వాలంటీర్లం, ఉచితంగా చేస్తాం. పని చూపించేవాళ్లు మాత్రం ఒక రోజు సంపాదన వదులుకుని వస్తారు. వాళ్లను శాలువాతో సరిపెట్టి పంపడం నాకు నచ్చదు. పాత విద్యలు, కళలు, ఆచారాల వంటి వారసత్వాన్ని కాపాడాలన్న యునెస్కో 2003 ఒప్పందంలో సంప్రదాయ చేతిపనులూ ఉన్నాయి. అక్కడ కూడా తయారైన వస్తువు కన్నా ఆ పనితనం తర్వాతివాళ్లకు అందడమే ముఖ్యమంటారు. పని చేసే మనిషికి గిట్టుబాటు కాకపోతే అది ఎవరికి అందుతుంది?

కదురు:
నూలు దగ్గర పోగు తెగుతూనే ఉంటుంది, పిల్లలకు ముందే చెప్పండి. తెగిన కొసను ఏకులో, అంటే వడకడానికి చుట్టిపెట్టిన దూదిలో కలిపి, కాస్త పురి పెడితే మళ్లీ అతుక్కుంటుంది. మీ వాలంటీర్లు ఒక్క సాయంత్రం కూర్చుని ఇదొక్కటే నేర్చుకున్నా, వడికే అమ్మకు మాటిమాటికీ లేచే పని తప్పుతుంది.

నూలుపోగు:
అందరికీ కృతజ్ఞతలు. కొలిమిని చెట్టు కిందికి మార్చాం. భృతి లెక్క ఈరోజే కమిటీలో పెడుతున్నాను. వచ్చే ఆదివారం పన్నెండు మందిమీ వడికే అమ్మ దగ్గరికి వెళ్తున్నాం. ఏకులు తనే సిద్ధం చేసి ఉంచుతానన్నారు.